కల్నల్‌తో కాపురం

మే 19, మంగళవారం

ఇవాళ మధ్యాహ్నం భోజనాల వేళ ఒకావిడ మనవరాలిని చంకనేసుకుని వచ్చి, వేలి ఉంగరంతో అక్వేరియం గాజు మీద టకటకా కొట్టింది. "ఇంత పెద్ద తొట్టిలో ఒక్కటే చేపా? మిగతావన్నీ చచ్చాయా ఏం?" అంది. ఏడడుగుల గాజు తొట్టి, పదకొండేళ్ళుగా నా చేతులతో పెంచిన పగడాలు, వాటి మధ్య ఎర్రచారల రెక్కలు విప్పుకుని తిరిగే కల్నల్. ఇవేవీ ఆవిడ కంటికి ఆనలేదు. చేపల్ని లెక్కపెట్టడం ఒక్కటే వచ్చు ఆవిడకి. అదైనా ఒకటి దాకానే.

ఆ మాట మా చెల్లెలు సొరైదా చెవిన పడింది. సాయంత్రం బల్లలు తుడుస్తూ మొదలెట్టింది.

"అన్నయ్యా, నీతో తగువుకి రాలేదు, విను. మనది చేపల హోటలు. జనం పిల్లల్ని తీసుకొచ్చేదే ఆ తొట్టి చూపించడానికి. నాలుగేళ్ళనుంచి నీ కల్నల్ ఒక్కడే మహారాజులా తిరుగుతుంటే వాళ్ళేం చూస్తారు? కార్మెన్ మాత పండగలోపు అందులో నలుగురు కలిసి బతకాలి."

"లేకపోతే?"

"లేకపోతే విల్ఫ్రిడో పెనం మీదకెక్కిస్తాడు. సముద్రంలో వదిలేద్దామంటే కుదరదు కదా. సింహం చేపని పట్టినవాడు తినాల్సిందేనని నువ్వే అందరికీ చెబుతావు."

నిజమే, చెబుతాను. ఎక్కడినుంచో వచ్చి మన పగడపు దిబ్బల మీది చిన్న చేపలన్నిటినీ ఊడ్చేస్తున్న జాతి అది. కానీ కల్నల్ సంగతి వేరు. బొటనవేలంత ఉన్నప్పుడు మా జాలరి ఒల్మెడో వలలో పడ్డాడు. నా చేతికర్రకు గుచ్చిన రొయ్య తప్ప మరొకరి చేతి మేత ముట్టడు.

విల్ఫ్రిడో అంటే చెల్లెలు తెచ్చుకున్న కొత్త మనిషి. మార్చిలో రెండు కత్తులు, ఒక రేడియో పట్టుకుని మోంపోస్ నుంచి వచ్చాడు. వంటింట్లో చేరాడు. పండగ వెళ్ళాక పెళ్ళట. పుట్టింది నది ఒడ్డున, ఉప్పునీళ్ళ సంగతి వాడికేం తెలుసు? కొబ్బరి అన్నంలో ఉప్పు వెయ్యడమే చేతకాదు. ఆ మాట రోజూ బల్ల దగ్గర చెబుతూనే ఉన్నాను, బాగుపడతాడేమోనని.

మే 22

పండగ జూలై పదహారున. ఎనిమిది వారాలు. చెల్లెలికి అంత ధైర్యం లేదు, చూద్దాం.

మే 25, సోమవారం

సంబంధాలు చూస్తున్నాను. పెళ్ళికూతుళ్ళని ఎంచినట్టే ఉంది.

ఏంజెల్ చేప చూడ్డానికి అందంగా ఉంటుంది, పగడాలు కొరుక్కు తింటుంది. వద్దు. ముట్టుకుంటే ఒళ్ళు ఉబ్బించే ఆ బుర్రలేని చేప కల్నల్ రెక్కలు కొరుకుతుంది. వద్దు. రొయ్యలు, పీతలు అయితే కాపురం కాదు, ఫలహారం. మిగిలిన వాటిలో సగం తగవులమారులు, సగం మొద్దులు. నిజం చెప్పాలంటే ఈ సముద్రం మొత్తంలో కల్నల్‌కి తగిన చేప లేదు.

ఒల్మెడోతో ఈ మాటే అన్నాను. పడవలో వల సర్దుకుంటూ నన్ను ఎగాదిగా చూశాడు. "చేపల గురించే అంటున్నావా నికనోర్?" అన్నాడు. మత్స్యకారుల హాస్యం. ముప్పై ఏళ్ళుగా ఆ పడవలో కూర్చుని వాడు నేర్చుకున్నది అంతే.

జూన్ 2, మంగళవారం

నేను ఆలోచిస్తుంటే చెల్లెలు ఆగలేకపోయింది. సాంతా మార్తాకి వెళ్ళి తొమ్మిది నీలి చేపలు పట్టుకొచ్చింది. వేలెడంత ఉన్నాయి. సంచిలోంచి తొట్టిలోకి వదులుతూ, "ఎంత ముద్దుగా ఉన్నాయో!" అంది. చూస్తూ కూర్చున్నాను. నన్నెవరూ అడగలేదు కదా.

జూన్ 3

అయిదు.

జూన్ 5

సున్నా. కల్నల్ కడుపు బంతిలా ఉంది. చెల్లెలు తొట్టి ముందు నిలబడి వెతికింది, రాళ్ళ సందుల్లో ఉన్నాయేమోనని. నవ్వు ఆపుకోవడం కష్టమైంది. ఆపుకోలేదు కూడా.

"ముందే చెప్పొచ్చుగా అన్నయ్యా," అంది.

"నీకు చెప్పినా వింటావా?"

జూన్ 9, మంగళవారం

ఇవాళ విల్ఫ్రిడో చేతులు తుడుచుకుంటూ నా దగ్గరకు వచ్చాడు. నోట్లో నాలుక లేనట్టుంటాడు మనిషి. మాట్లాడే ముందు రెండుసార్లు గొంతు సవరించుకుంటాడు.

"బావగారూ, ఒక్క మాట అడగనా?"

"ఇంకా బావని కాలేదు."

"సరే, నికనోర్ గారూ. తొట్టి కింద అల్మరా తలుపుకి ఒక అట్ట అంటించి ఉంది కదా, చదివాను. అందులో ఉన్నట్టు చేస్తే ఎలా ఉంటుందంటారు?"

ఆ అట్ట నేను రాసిందే. అక్వేరియం పెట్టుకుంటామని సలహాకి వచ్చే దద్దమ్మలకి చూపించడానికి మూడేళ్ళ కిందట రాసి అంటించాను. వేటచేప తన పొడవులో సగం ఉన్నదాన్ని మింగగలదు, కాబట్టి తోడుగా వేసేవి అంతకంటే పెద్దవి కావాలి. వేటచేప అందరికంటే ఆఖరున తొట్టిలోకి రావాలి, ముందొచ్చినవాటికి దాక్కునే సందులు తెలిసి ఉండాలి కనుక. వేటచేప అప్పటికే తొట్టిలో ఉంటే బయటికి తీసి పది రోజులు వేరే ఉంచాలి, రాళ్ళు జరపాలి, కొత్తవి కుదురుకున్నాక దాన్ని కొత్తగా వచ్చినదానిలా వదలాలి. వదిలేముందు కడుపునిండా మేపాలి. అట్ట అడుగున 'కల్నల్: ఒక జాన' అని కొలత.

"పది రోజులు కల్నల్‌ని బయట పెడదామండీ," అన్నాడు వాడు. "పెరట్లో నీలం డ్రమ్ము ఉంది. గాలి పంపు పెడతాను. ఈలోపు రాళ్ళు కాస్త అటూ ఇటూ..."

"ఆ రాళ్ళు పదకొండేళ్ళుగా అక్కడ ఉన్నాయి. నాలుగేళ్ళుగా ఇది వాడి ఇల్లు. నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళ కోసం సొంత ఇంట్లో వాడు కొత్తవాడైపోవాలా?"

"మీరు రాసిందేగా బావగారూ?"

"అది మిగతావాళ్ళ కోసం రాసింది."

తల ఊపి వెళ్ళిపోయాడు. కనీసం ఎదురు మాట్లాడే పౌరుషమైనా లేదు. చెల్లెలి కోసం ఇదివరకు వచ్చినవాళ్ళు కాస్త నయం. స్కూలు మాస్టారు వాదన పెట్టుకునేవాడు. ఫోర్కు ఎలా పట్టుకోవాలో నేర్పుతున్నానని అలిగి మూడు వారాల్లో వెళ్ళిపోయాడు. లారీ డ్రైవరు రెండు నెలలు ఉన్నాడు. ఇద్దరూ వాళ్ళంతట వాళ్ళే వెళ్ళారు. నేనెవర్నీ పొమ్మనలేదు.

జూన్ 14, ఆదివారం

వాడు మళ్ళీ వచ్చాడు. ఈసారి వంటింటి స్కేలుతో.

"ఒకసారి కల్నల్‌ని కొలుద్దామా? ఒల్మెడో పెద్దకళ్ళ ఎర్రచేపలు రెండు తెస్తానన్నాడు. అరచేయంత ఉంటాయట. కల్నల్ జాన ఉంటే పరవాలేదు. ఇంకా పెద్దయి ఉంటే..."

"జాన."

"నాకు కాస్త పొడుగనిపించాడండీ."

"నీళ్ళు, గాజు కలిసి ఉన్నదాన్ని పెద్దగా చూపిస్తాయి. నదివాళ్ళకి గాజులోంచి చూడ్డం అలవాటుండదు. నా కళ్ళు చాలు."

స్కేలు జేబులో పెట్టుకుని, "మీ మాటే నమ్ముతానండీ," అని వెళ్ళిపోయాడు. నమ్మక ఏం చేస్తాడు?

నేను కొలవలేదు. కొలవాల్సిన పని లేదు.

జూన్ 20

చెల్లెలు ఇవాళ వాడికి షర్టు గుండీ కుట్టింది. ఒంటిమీద ఉండగానే. నా షర్టుకి రెండు గుండీలు లేవు. ఆమె చూడలేదు. నేను చూపించలేదు.

జూన్ 26, శుక్రవారం

ఎర్రచేపలు ఆదివారం వస్తున్నాయి. కల్నల్‌కి బుధవారం మేత వేశాను. ఇవాళ వెయ్యాలి. వంటింట్లో రొయ్యలు తాజాగా లేవు. ఉన్నాయిగానీ నాకు నచ్చలేదు. మధ్యమధ్యలో ఉపవాసం వేటచేపకి మంచిది.

జూన్ 27

ఉపవాసం.

జూన్ 28, ఆదివారం

మధ్యాహ్నం ఒల్మెడో బకెట్టు తెచ్చాడు. రెండు ఎర్రచేపలు, కోడిగుడ్డు కళ్ళు, వీపునిండా ముళ్ళు. విల్ఫ్రిడో వాటిని చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. సంచీని తొట్టి నీళ్ళలో తేల్చి, కొంచెం కొంచెం నీళ్ళు కలుపుతూ గంటసేపు మోకాళ్ళమీద కూర్చున్నాడు. ఆ ఒక్క పని సరిగ్గానే చేశాడు.

"కల్నల్‌కి మేత వేశారు కదండీ?" అని అడిగాడు.

"అది నా పని."

వదిలాడు. అవి రెండూ మూలకు పోయి ఒకదానికొకటి ఒరుసుకుని నిలబడ్డాయి. కల్నల్ కదలలేదు. రెక్కలు మాత్రం నెమ్మదిగా విప్పాడు. రాళ్ళ సందులన్నీ వాడికి తెలుసు, వాటికి ఒక్కటీ తెలియదు.

చెల్లెలు విల్ఫ్రిడో భుజమ్మీద చెయ్యి వేసి, "బతుకుతాయా?" అంది.

"అన్నయ్య కొలత చెప్పారుగా, బతుకుతాయి," అన్నాడు వాడు.

అన్నయ్యట. ఎవరికి అన్నయ్య?

జూన్ 29, సోమవారం

రాయాలని లేదు. అయినా రాస్తాను.

పొద్దున కాఫీ పెట్టుకుని వచ్చి చూసేసరికి కల్నల్ తొట్టి అడుగున పక్కకు ఒరిగి ఉన్నాడు. నోట్లోంచి ఎర్రతోక బయటికి పొడుచుకుని ఉంది. సగం మింగాడు. మిగతా సగం దిగదు, ముళ్ళు వెనక్కి తిరిగి గొంతులో గుచ్చుకున్నాయి కాబట్టి బయటికీ రాదు. మొప్పలు ఎగిరెగిరిపడుతున్నాయి. రెండో ఎర్రచేప మూలన గాజుకి అతుక్కుపోయి ఉంది.

కేక వేశాను. ఏమని వేశానో తెలియదు. చెల్లెలు తర్వాత చెప్పింది, విల్ఫ్రిడో పేరే పిలిచానట.

వాడు పరిగెత్తుకొచ్చాడు. నేను వలతో కల్నల్‌ని పైకి పట్టాను. కానీ పట్టకారు పట్టడానికి నా వేళ్ళు మాట వినలేదు. వాడు వంటింట్లోంచి చేపముళ్ళు ఏరే చిన్న పట్టకారు తెచ్చాడు. "అన్నయ్యా, గట్టిగా పట్టుకోండి, అంతే, మిగతాది నాకొదిలెయ్యండి," అన్నాడు. వాడి గొంతు అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు. చేపల నోట్లోంచి కొక్కేలు తీస్తూ పెరిగినవాడిలా, తోక పట్టి లాగకుండా ముందుకు తోసి, ముళ్ళు మడతపడ్డాక మెల్లగా తిప్పి తీశాడు. నది మనిషి. నదిలోనూ చేపలకి ముళ్ళుంటాయి. అది నాకెప్పుడూ తట్టలేదు.

ఎర్రచేప వచ్చింది, చచ్చిపోయి. కల్నల్ ఒక్కసారి విదిల్చుకున్నాడు. విషమున్న వీపు ముల్లు విల్ఫ్రిడో బొటనవేలిలో దిగింది.

వాడు అరవలేదు. మొహం బూడిదరంగైంది, అంతే. గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. చెల్లెలు ఏడుస్తోంది. ఏం చెయ్యాలో తెలిసింది నాకొక్కడికే. ఆ విషం వేడికే విరుగుతుంది. నీళ్ళు కాచమన్నాను, చెయ్యి కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడిగా. పెద్ద గిన్నెలో వాడి చెయ్యి ముంచి పట్టుకున్నాను. చల్లారినప్పుడల్లా మళ్ళీ వేడినీళ్ళు పోయించాను. గంటన్నర అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఆ తర్వాత చెల్లెలు ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

ఆ గంటన్నరలో వాడు ఒక్కటే అడిగాడు.

"కల్నల్ బతికాడా?"

బతికాడు. అడగాల్సింది వాడు కాదు, నేను. నీ చెయ్యి ఎలా ఉందని అడగాల్సింది.

జూన్ 30, మంగళవారం

స్కేలు తీసుకెళ్ళి గాజుకి ఆనించి కొలిచాను. జానాబెత్తెడు.

మూడేళ్ళలో బెత్తెడు పెరిగాడు. ప్రతిరోజూ నా కళ్ళముందే.

మేత సంగతి కూడా రాయాలి, ఈ పుస్తకాన్ని నేను తప్ప ఎవరూ చదవరు. రొయ్యలు తాజాగానే ఉన్నాయి. నేను వెయ్యలేదు. మరిచిపోలేదు.

ఆ చేపల్ని కల్నల్ మింగాలనే అనుకున్నాను. విల్ఫ్రిడో నోరు వెళ్ళబెట్టుకుని తొట్టి ముందు నిలబడాలని, చెల్లెలు వాడివైపు అదోలా చూడాలని. ఆ సరదా కోసం కల్నల్ గొంతుకు ముల్లు తెచ్చాను. ప్రపంచమంతా మూర్ఖులని రోజూ రాస్తాను ఇందులో. ఈ పేజీలో ఉన్నంత మూర్ఖుడు ఇంకో పేజీలో లేడు.

జూలై 1, బుధవారం

విల్ఫ్రిడో బొటనవేలు వంకాయలా వాచింది. కత్తి పట్టలేడు. చెల్లెలు ఒక్కతే వండుతోంది. అన్నం మాడింది, అలాగే తిన్నాం.

మధ్యాహ్నం జనం వెళ్ళాక చెల్లెలు నా ఎదురుగా కూర్చుంది. ఇంతసేపు ఆమె నా కళ్ళలోకి చూసి చాలా ఏళ్ళయింది.

"శుక్రవారం కల్నల్‌కి మేత వేశావా?"

"వెయ్యలేదు."

"మరిచిపోయావా?"

ఆమెకి చెప్పక్కర్లేదు.

"అన్నయ్యా, ఇదివరకు ఇద్దరున్నారు. వాళ్ళంతట వాళ్ళే వెళ్ళారని నువ్వంటే నమ్మాను. నమ్మినట్టు ఉన్నాను. మా ఆయన పోయాక నువ్వే నాకు దిక్కు, నువ్వు కష్టపడితే చూడలేను. కానీ నాకు యాభై నాలుగు. మూడోవాణ్ణి మింగనివ్వను. నువ్వుండు, విల్ఫ్రిడో కూడా ఉంటాడు. కుదరదంటే ఈసారి వెళ్ళేది ఆయన కాదు."

అరవలేదు. ఏడవలేదు. బల్ల మీది మెతుకులు అరచేత్తో ఊడ్చుకుంటూ చెప్పింది. ఆమెకి అంత ధైర్యం లేదని మేలో రాశాను. అదీ తప్పు కొలతే.

కల్నల్‌ని ఏం చేస్తావని అడిగాను. "పండగ దాకా గడువు ఇచ్చాను. మాట తప్పను," అంది.

జూలై 3, శుక్రవారం

పొద్దున వంటింట్లోకి వెళ్ళాను. విల్ఫ్రిడో ఎడంచేత్తో ఉల్లిపాయ తరుగుతున్నాడు, అష్టవంకరగా.

"పెరట్లో ఆ డ్రమ్ము ఖాళీగా ఉందా?" అన్నాను.

కత్తి కింద పెట్టాడు. "ఉందండీ."

"గాలి పంపు నీ దగ్గరుందన్నావు."

"ఉంది."

ఇద్దరం కలిసి కల్నల్‌ని డ్రమ్ములోకి మార్చాం. వాడు అంచుల వెంబడి మూడుసార్లు తిరిగి, మధ్యలో ఆగిపోయాడు. ఎర్రచారలు పాలిపోయాయి. వాడి కంటే నేనే ఎక్కువసేపు కదలకుండా నిలబడ్డాననుకుంటాను.

రాళ్ళ సంగతి వచ్చింది. "మీరు చెప్పండి, నేను జరుపుతాను," అన్నాడు. తొట్టిలో చెయ్యి పెట్టబోయాను. నా వల్ల కాలేదు. ప్రతి రాయి ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలను, దాన్ని ఇంకోచోట ఊహించలేను.

"నువ్వే జరుపు," అన్నాను. "నేను సియెనగాలో మా పెద్దమ్మ కొడుకు దగ్గరికి వెళ్తున్నాను, పది రోజులకి."

"మీరు లేకుండానా?"

"నేను లేకుండానే జరగాలి. పెద్ద కత్తితోక చేపలు మూడు తెమ్మని ఒల్మెడోతో చెప్పాను. అరచేతి వెడల్పువి కాదు, రెండు అరచేతులవి. అట్టమీద కొలత మార్చాను, చూసుకో. కల్నల్‌కి రోజు విడిచి రోజు మేత. నీ చేతినుంచి తినడు. ప్రయత్నించు."

గొంతు సవరించుకున్నాడు, రెండుసార్లు. వంగి అట్ట చదివాడు.

జూలై 8, సియెనగా

మా అన్న ఇంట్లో రోజుకి మూడుపూటలా టీవీ. వాళ్ళావిడ చారులో కొత్తిమీర తప్ప ఇంకేం లేదు. ఏదీ అనకుండా తింటున్నాను. ఇది నా ఇల్లు కాదు.

జూలై 11, సియెనగా

చెల్లెలు ఫోను చేసింది. మూడు చేపలూ కుదురుకున్నాయట. కల్నల్ మొదటి రెండుసార్లు మొహం తిప్పుకున్నాడు, మూడోసారి విల్ఫ్రిడో కర్రనుంచి రొయ్య లాక్కున్నాడట. సంతోషంగా చెప్పింది.

మంచిది అన్నాను. ఫోను పెట్టేశాక కడుపు మండింది, అదీ రాయాలి.

జూలై 15, బుధవారం

ఇంటికొచ్చాను. తొట్టిని చూసి గుర్తుపట్టలేదు. పెద్ద రాయి కుడివైపుకి పోయింది, గుహ ఎడమకొచ్చింది. పగడాల్లో ఒకదాని కొస విరిగింది. విల్ఫ్రిడో నాకంటే ముందే ఆ విరిగినచోటు చూపించి, "నా వల్లే అన్నయ్యా," అన్నాడు. మూడు కత్తితోకలు మధ్యలో సొంతింట్లోలా తిరుగుతున్నాయి. ఎక్కడ దాక్కోవాలో వాటికి తెలుసు.

జూలై 16, గురువారం. కార్మెన్ మాత పండగ

పొద్దున పడవలన్నీ కాగితప్పూలు కట్టుకుని అమ్మవారి వెంట సముద్రంలోకి వెళ్ళాయి. బాణసంచా మోతకి కుక్కలు ఊరంతా పరుగులు పెట్టాయి. ఒల్మెడో పడవ అందరికంటే ఆలస్యంగా, ఎప్పటిలాగే.

పదింటికి కల్నల్‌ని కడుపునిండా మేపాం. కర్ర విల్ఫ్రిడో చేతిలోనే ఉంచాను. తర్వాత ఇద్దరం వల పట్టి తొట్టిలో వదిలాం. తన ఇంట్లో ఎటు వెళ్ళాలో కల్నల్‌కి తెలియలేదు. పాత గుహ ఉండే వైపు వెళ్ళి, గోడ తగిలి, వెనక్కి వచ్చాడు. కత్తితోకల్లో పెద్దది వచ్చి వాడి చుట్టూ ఒకసారి తిరిగింది, ఎవరు నువ్వు అన్నట్టు. కల్నల్ రెక్కలు ముడుచుకుని పక్కకు తప్పుకున్నాడు. మధ్యాహ్నం దాకా చూశాం. నాలుగూ ఉన్నాయి. రెండో ఎర్రచేపని నేను సియెనగా వెళ్ళిన వారమే ఒల్మెడో తిరిగి తీసుకెళ్ళి సముద్రంలో వదిలాడట. దానికి అదే మంచిది.

జనం వచ్చారు. ఆ ఉంగరం ఆవిడ కూడా వచ్చింది. "ఇప్పుడు బాగుంది," అంది. గాజుమీద కొట్టింది. ఈవిడ మాత్రం బాగుపడదు.

అందరూ వెళ్ళాక మేం ముగ్గురం తినడానికి కూర్చున్నాం. నా కుర్చీ, తొట్టికెదురుగా గోడవారన ఉండేది, ఎక్కడా కనపడలేదు. బల్లలు కూడా జరిపినట్టున్నారు. సొరైదా కొబ్బరి అన్నం గిన్నె పట్టుకుని, "కూర్చో అన్నయ్యా," అంది.

"ఎక్కడ?" అన్నాను.

ఇద్దరూ నావైపు చూశారు. పదకొండేళ్ళలో ఈ ఇంట్లో ఆ మాట నేను అడగలేదు.

విల్ఫ్రిడో లేచి, కట్టు ఉన్న చేత్తోనే కిటికీ పక్క కుర్చీ లాగాడు. "ఇక్కడ గాలి బాగుంటుంది అన్నయ్యా." అక్కడినుంచి తొట్టి సగమే కనపడుతుంది. కూర్చున్నాను. ముందు నాకు వడ్డించాడు.

అన్నంలో ఉప్పు తక్కువైంది. చెప్పలేదు.